ఈ వారం బాదం కేకు లేదు

బేకరీ మేడ మీద నుంచి

చిట్టీ,

నువ్వు రాస్తావేమోనని చూసి చూసి నేనే మొదలుపెట్టాను. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్ మోగితే అమ్మ వచ్చి పక్కనే నిలబడుతుంది. ఆవిడ ఎదురుగా కొన్ని మాట్లాడలేం. మెసేజ్‌లంటావా, నాకు నాలుగు ముక్కలు దాటితే వేలు నొప్పెడుతుంది. కాగితమైతే పిండి చేతులు తుడుచుకుని, గల్లా బల్ల మీదే కూర్చుని నీతో కబుర్లు చెప్పినట్టు రాసుకుపోవచ్చు.

ఇక్కడ అందరం బాగున్నాం. పొయ్యి తలుపు మళ్లీ మొరాయిస్తోంది. దాన్ని మీ బావ మోకాలితో గుద్దితే గానీ మూసుకోదు. పెద్దోడికి మీసం వస్తోంది, అది మాకెవరికీ కనబడదు, వాడికొక్కడికే అద్దంలో కనబడుతుంది. చిన్నోడు మొన్న ఉన్నట్టుండి, "పిచ్చుక ఇప్పుడు నాకంటే పొడుగైపోయిందా?" అని అడిగాడు. ఏం చెప్పను? రెండేళ్లుగా నీ కూతుర్ని నేను మాత్రం చూశానా.

సంవత్సరం చివరి సెలవులు దగ్గరపడుతున్నాయి. ఎప్పట్లాగే సెలవుల మొదటి రోజు అందరూ వస్తారు. రెండేళ్లుగా ఆ రోజు బల్ల చుట్టూ ఇంతమంది కూర్చున్నా నాకు నీ చోటే కనబడుతోంది. నాకు నోట్లో ముద్ద పెట్టుకోబుద్ధి కాదు. ఈసారి రావాలి. నీ భయం నాకు తెలియనిది కాదు. పిచ్చుకకి వేరే కంచం, వేరే గ్లాసు, కిటికీ దగ్గర వేరే చిన్న బల్ల వేయిస్తాను. దాని వంట నువ్వే తెచ్చుకో. ఎవరూ దాని జోలికి పోకుండా నేను చూసుకుంటాను.

అమ్మ బాగానే ఉంది. నిన్ను అడుగుతూ ఉంటుంది.

నీ అక్క


కళ్లద్దాల షాపు, వెనక గది

అక్కా,

షాపులో జనం లేరు. ఒక పెద్దాయన కొత్త అద్దాలు పెట్టుకుని వీధి చివరి బోర్డులన్నీ పైకి చదువుకుంటూ వెళ్లాడు. ఆయన ఆనందం చూశాక నీకు రాయాలనిపించింది.

రావాలని నాకు లేదనుకుంటున్నావా? చలి మొదలైతే చాలు, మనిద్దరం చిన్నప్పుడు పొయ్యికి సరిగ్గా పైనున్న గదిలో చాప కూడా లేకుండా నేల మీద పడుకునేవాళ్లం, ఆ నేల వెచ్చదనం ఒంటికి గుర్తొస్తుంది. మా ఫ్లాట్ నేల ఎంత చల్లగా ఉంటుందో. పక్కింట్లో ఎవరో బ్రెడ్డు కాల్చుకుంటే నేను తలుపు తీసి మెట్ల మీద నిలబడతాను. మీ మరిది నవ్వుతాడు.

కానీ ఆ వేరే బల్ల వద్దక్కా. నువ్వు ప్రేమతోనే అన్నావు. అది పిచ్చుకకి అన్నిచోట్లా ఉన్నదే. బడిలో భోజనాల గది చివర దానికో కుర్చీ ఉంది. పుట్టినరోజులకి పిలిస్తే నేను ఇంటి నుంచి డబ్బా కట్టిస్తాను. అందరూ కేకు కోస్తుంటే ఇది డబ్బా మూత తీసుకుంటుంది. మొన్న కింది ఫ్లాటు వాళ్లమ్మాయి పుట్టినరోజుకి పిలుపు వస్తే, "నేనేం తినను. ఊరికే కూర్చుని చూస్తా. వెళ్దామా అమ్మా?" అంది. ఏడేళ్ల పిల్ల. ఊరికే కూర్చోడం కూడా నేర్చేసుకుంది. మన ఇంట్లో కూడా దాన్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టడానికి ఇంత దూరం తీసుకురాలేను.

ఇంకో మాట. అమ్మ మీద నాకు కోపం లేదు, ఏనాడూ లేదు. అప్పుడు మాత్రం ఏం చేసింది? మనవరాలిని ఒళ్లోకి లాక్కుని బాదం కేకు ముక్క నోట్లో పెట్టింది. లోకంలో ఏ అమ్మమ్మైనా చేసేదే. బాదం, జీడిపప్పు, పల్లీ, ఏది తగిలినా దానికి పడదని ఆవిడకి అంతకుముందు రోజే చెప్పాను. ముద్దులో మర్చిపోయింది. తర్వాత పిచ్చుక పెదాలు ఉబ్బడం, ఊపిరి ఆడక నా చొక్కా పట్టుకుని గుంజడం, నేను సంచిలో ఎప్పుడూ ఉంచే సూది మందు దాని తొడకి పొడవడం, ఆస్పత్రి. అవన్నీ నువ్వూ చూశావు.

కోపం లేదు గానీ, అమ్మ చెయ్యంటే భయం ఉంది. రాయడానికే సిగ్గేస్తోంది, అయినా రాస్తున్నాను. అమ్మ మళ్లీ మర్చిపోదని నువ్వు నాకు మాటివ్వగలవా?

నీ చిట్టి


బేకరీ మేడ మీద నుంచి

చిట్టీ,

మాటివ్వలేను.

నీ ఉత్తరం చాలా రోజులు పిండి డబ్బాల వెనక పెట్టుకుని నీళ్లు నమిలాను. అమ్మ బాగానే ఉందని రాశాను కదా. ఒళ్లు బాగానే ఉంది. మరపు పట్టుకుంది. మొదట్లో పేర్లు. తర్వాత రోజులు. ఇప్పుడు పొద్దున చెప్పింది సాయంత్రానికి ఉండదు. ఒకరోజు బేకరీలోకి దిగి నన్ను చూసి, "ఈ షాపు వాళ్ల అమ్మాయివా? బ్రెడ్డు బాగుంటుంది మీ దగ్గర" అంది. నేను థాంక్సండీ అన్నాను. ఏమనను మరి? కొనుక్కెళ్లడానికి వచ్చినట్టే బ్రెడ్డు తీసుకుని మళ్లీ మెట్లెక్కి వచ్చేసింది. డాక్టర్ చూశాడు. ఇది తగ్గేది కాదట, మెల్లగా పోవడమే.

పాప ఎందుకు రావట్లేదని అడుగుతుంది. మొదట్లో జరిగింది చెప్పేదాన్ని. "నా చేత్తోనా?" అని ఆ చేతిని చూసుకుంటూ ఏడ్చేది. మర్నాడు మర్చిపోయి మళ్లీ అడిగేది. చెప్తే, మొదటిసారి విన్నట్టే మళ్లీ ఏడుపు. ఎన్నిసార్లు ఏడిపించను? ఇప్పుడు పాపకి బడి ఉందమ్మా, వస్తుంది అంటున్నాను.

నీకు ఎందుకు చెప్పలేదంటే, చెప్తే నువ్విక ఎప్పటికీ రావని. చెప్పకుండా నిన్ను పిలిచానే, వచ్చుంటే ఏమయ్యేదోనని రాత్రిళ్లు లేచి కూర్చుంటున్నాను. నువ్వు అడగడమే మంచిదైంది.

ఇంకా నిన్ను మర్చిపోలేదు. అది కూడా నీకు చెప్పాలి. చిట్టి అంటే వెంటనే అందుకుంటుంది.

అక్క


ఇంటి నుంచి

అక్కా,

ఇన్నాళ్లు ఒక్కదానివే మోశావా?

చాలా రాయాలనుకున్నాను. చేతకావట్లేదు. నేను ఇక్కడ పిల్లని దాచుకుని కూర్చుంటే, అక్కడ అమ్మ రోజుకింత తరిగిపోతోంది. ఒకరిని కాపాడుకోవాలంటే ఇంకొకరిని వదులుకోవాల్సిందేనా? ఇద్దరినీ ఒక గదిలో చూసే రాత నాకు లేదేమో.

పిచ్చుకని ఇంట్లో వదిలి నేనొక్కదాన్నే వస్తాను. మీ మరిది చూసుకుంటాడు. సెలవులకి అదే చేద్దాం.

చిట్టి


బేకరీ మేడ మీద నుంచి

చిట్టీ,

నువ్వొక్కదానివే రావద్దు. ఆగు, చెప్తా.

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. ఆయన సంగతి నీకు తెలుసుగా, నోట్లో మాట బయటికి రావాలంటే పిండి పులియాలి. విన్నాడు. బన్నులు పొయ్యిలో పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. చివరికి నా వైపు చూడకుండానే, "అత్తయ్యకి గుర్తుండాలని ఎందుకు చూస్తున్నారు మీరిద్దరూ? ఇంట్లో లేని వస్తువు ఆవిడ మాత్రం ఎక్కణ్ణుంచి తెచ్చి పెడుతుంది?" అన్నాడు.

అంతే చిట్టీ. రెండేళ్లుగా మనం అమ్మ చేతిని ఎలా పట్టుకుని ఆపాలా అని చూస్తున్నాం. ఆ చేతికి అందేవన్నీ పిచ్చుక తినగలిగేవే అయితే, ఆపే పనేముంది?

వేరే బల్ల లేదు. వేరే కంచం లేదు. బల్ల మీద ఉన్నదంతా అందరిదీ.

పని మొదలుపెట్టాం. కింద బేకరీని నమ్మలేం, ఎన్నేళ్ల బాదం పొడి ఆ గోడల్లో ఉందో. అందుకని సెలవులకి వారం ముందే బాదం కేకు, జీడిపప్పు బిస్కెట్లు ఆపేస్తాం. పండగ వంటంతా మేడ మీదే. లోపలి మెట్ల తలుపుకి గడియ పెట్టేసి, వెనక మెట్ల మీంచి రాకపోకలు. బావ పని బట్టలు కిందే విడిచి, స్నానం చేసి పైకొస్తాడు. చెక్క గరిటెలు, పాత కేకు గిన్నెలు అన్నీ కిందికి పంపేశాను, వాటి బీటల్లో ఏం దాగుందో ఎవరికి తెలుసు. కొత్తవి కొన్నాం. అమ్మ కొత్త గిన్నె చూసి, "ఎవరి పెళ్లి?" అంది.

అమ్మ గది సర్దుతుంటే ఒకటి బయటపడింది. ఆవిడ స్వెటర్ జేబుల్లో, దిండు గలీబులో, కుట్టుపని బుట్టలో అన్నిచోట్లా కాగితం పొట్లాలు. విప్పితే బాదం పప్పులు. కింద నుంచి గుప్పెడేసి తెచ్చి దాచుకుంటోంది. తీసేస్తుంటే చూసి నా చెయ్యి పట్టుకుంది. "అవి పాపకే. వస్తే పెడదామని దాచాను. తియ్యకు" అంది. తర్వాత దిండ్లు, స్వెటర్లు అన్నీ ఉతికాను. పొట్లాలు మళ్లీ కట్టి ఇచ్చాను, ఎండుద్రాక్షతో. లెక్క సరిపోయిందనుకుని ఊరుకుంది. అప్పటి నుంచి ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడల్లా నేను దొంగలా జేబులు వెతుకుతున్నాను.

అందరికీ ఫోన్ చేసి చెప్పాను, ఇంటి నుంచి తినేవేవీ తేవొద్దని. అందరూ సరేనన్నారు, మావయ్య తప్ప. "ఒక్క పిల్ల కోసం ఇంతమంది నోళ్లు కట్టుకోవాలా?" అన్నాడు. ఒక్క పూట మావయ్యా, అది రోజూ కట్టుకుంటోంది అన్నాను. ఫోన్ పెట్టేశాడు. చిన్నపిల్లాడిలా అలిగి, చివరికి భోజనం వేళకి వస్తాడులే. వాళ్లక్క ఇంటి విందు వదులుకునే మనిషి కాదు.

ఇంకా ఏం చెయ్యాలో నువ్వు చెప్పాలి. మాకు తెలియనివి చాలా ఉంటాయి.

అక్క


కళ్లద్దాల షాపు, వెనక గది

అక్కా,

నీ ఉత్తరం షాపులో చదివాను. అమ్మ పొట్లాల దగ్గర ఆగిపోయాను. కళ్లద్దాల షాపులో కళ్లు తుడుచుకుంటుంటే మా ఓనరు, ముసలాయన, కళ్లకి ఏ పవర్ కావాలమ్మా అని అడిగాడు.

నువ్వు అడిగినవి చెప్తాను. చాక్లెట్ ముక్కలు, కేకు మీద చల్లే రంగుల పూసలు, డబ్బా బిస్కెట్లు, వీటితోనే గొడవ. పైన పెద్ద అక్షరాల్లో ఏమీ ఉండదు. వెనక చీమ తలకాయంత అక్షరాల్లో, ఇది తయారైన చోట నట్స్ కూడా వాడతారని ఉంటుంది. అది ఉంటే కొనొద్దు. మేం ఫ్రేముల లోపలి నంబర్లు చూసే భూతద్దం ఒకటి దీంతో పంపుతున్నాను, బావకివ్వు. విడిగా తూకం వేసిచ్చే పిండి, చక్కెర వద్దు, సీలు వేసిన ప్యాకెట్లే. బల్ల, తలుపు పిడులు, కుర్చీ చేతులు సబ్బునీళ్లతో కడగాలి, ఊరికే తుడిస్తే చాలదు. వచ్చినవాళ్లు ముందు చేతులు కడుక్కోవాలి. ప్యాకెట్ల అట్టలు పారెయ్యకు. నేనొచ్చి చూసుకుంటాను.

అవును, వస్తాం. ఒకరోజు ముందే వస్తాం. ఒక్క షరతు. నాకేదైనా తేడాగా అనిపిస్తే పిల్లని తీసుకుని వెళ్లిపోతాను. నువ్వు బతిమాలకూడదు, ఏడవకూడదు. ఏడిస్తే నేను ఉండిపోతాను. అందుకని.

పిచ్చుకకి చెప్పాను. అమ్మమ్మకి మరపొచ్చిందని కూడా చెప్పాను. "నన్ను కూడానా?" అంది. తెలియదన్నాను. మర్చిపోతే మళ్లీ చెప్పుకుంటానంది. కానీ అక్కడున్నవన్నీ నువ్వూ తినొచ్చు అంటే మాత్రం నమ్మలేదు. "అన్నీ అంటే, నావి అన్నీనా, అందరివీ అన్నీనా?" అని మళ్లీ మళ్లీ అడిగింది. నిన్న డబ్బా కూడా సర్దుకుంది, ఎందుకైనా మంచిదని. నేను వద్దనలేదు.

చిట్టి


బేకరీ మేడ మీద నుంచి

చిట్టీ,

రెండు ముక్కలే. బస్సు దిగి వెనక మెట్ల వైపే రండి. బావ బజార్లో భూతద్దం పట్టుకుని ప్రతి ప్యాకెట్టూ తిప్పి చూస్తుంటే, షాపువాడు తనిఖీకి వచ్చిన ఆఫీసరనుకుని కుర్చీ వేశాడట. బాదం లేకుండా కేకు మూడుసార్లు చేసి చూశాడు. మొదటిది రాయి, రెండోది రబ్బరు, మూడోది నేనూ పిల్లలూ పూర్తిగా తినేశాం కాబట్టి బాగున్నట్టే.

కింద అద్దం మీద కాగితం అంటించాడు. "ఈ వారం బాదం కేకు లేదు. మా ఇంటికి పాప వస్తోంది." అందరూ కేకు సంగతి వదిలేసి పాప ఎప్పుడొస్తుందని అడుగుతున్నారు.

నువ్వు వచ్చేదాకా నాకు నిద్ర పట్టదు.

అక్క


ఇంటి నుంచి

అక్కా,

క్షేమంగా చేరాం. బట్టలు ఇంకా సంచిలోనే ఉన్నాయి. ముందు ఇది రాస్తే గానీ నా మనసు కుదుటపడదు. ఎందుకంటే ఆ ముఖ్యమైన ఘడియలో నువ్వు గదిలో లేవు.

మావయ్య అట్టపెట్టెతో వెనక మెట్లెక్కి వచ్చినప్పుడు నేను తలుపు సందులోంచి చూశాను. జీడిపప్పు మిఠాయి. దారిలో రెండు నోట్లో కూడా వేసుకుని వచ్చాడు. నిజం చెప్తున్నాను, నా చెయ్యి అప్పుడే సంచి మీద పడింది. పిచ్చుక చెప్పులెక్కడున్నాయా అని వెతుకుతున్నాను. అప్పుడు వినబడింది, బావ గొంతు. ఇన్నేళ్లలో ఆయన అంత గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. "మావయ్యా, ఆ పెట్టె కారులో పెట్టి రండి. నోరు కడుక్కోండి, చొక్కా మార్చుకోండి. అప్పటిదాకా గుమ్మం దాటొద్దు." మావయ్య ఏదో గొణిగాడు. నువ్వు తువ్వాలు, సబ్బు, బావ చొక్కా పట్టుకుని కిందికి పరిగెత్తావు. నేను సంచి మీంచి చెయ్యి తియ్యలేదు, వెళ్లనూ లేదు. అలాగే నిలబడ్డాను.

మీరు కిందున్న ఆ కాసేపట్లోనే జరిగింది.

నేను వెనక్కి తిరిగేసరికి పిచ్చుక బల్ల దగ్గర, సరిగ్గా మధ్యలో కూర్చుని ఉంది. ఒక పక్క చిన్నోడు. ఇంకో పక్క అమ్మ. అమ్మ దాన్ని చాలాసేపటి నుంచి చూస్తోంది. ముందురోజంతా కలిసే ఉన్నా, ఎవరన్నది అందలేదనుకుంటా. "ఎవరమ్మాయివమ్మా నువ్వు?" అని అడిగింది. పిచ్చుక మామూలుగా చెప్పింది. "చిట్టి వాళ్ల అమ్మాయిని. నీ మనవరాలిని."

"చిట్టికి పిల్ల కూడానా!" అంది అమ్మ, ఎంత సంబరంగా అనుకున్నావు. అని తన కంచంలో కేకు తుంచి, ఆ ముక్క దాని నోటి దగ్గరికి తెచ్చింది.

అదే చెయ్యక్కా. నా కాళ్లు వాటంతటవే కదిలాయి. అడ్డం పడబోయాను. ఆ అట్టలన్నీ ముందురోజు నేనే చదివాను, ఒక్కొక్కటీ రెండేసి సార్లు. ఆ గిన్నె నేనే కడిగాను. అన్నీ తెలిసి కూడా ఒళ్లు వినలేదు. పిచ్చుక నా వైపు చూసింది. ఎవరేం పెట్టినా అది ముందు నన్ను చూస్తుంది, మాట రాకముందు నుంచీ ఉన్న అలవాటు. నేను తలూపాను. ఎలా ఊపానో నాకే తెలియదు.

నోరు తెరిచింది. అమ్మ పెట్టింది. నమిలి మింగింది. అమ్మ ఇంకో ముక్క తుంచింది. రెండోసారి పిచ్చుక నా వైపు చూడలేదు. చిన్నోడు "నాకు?" అంటే అమ్మ వాడికీ పెట్టింది. తర్వాత ముగ్గురూ ఒకే కంచంలో పడ్డారు. నేను తలుపు పక్క గోడకానుకుని నిలబడ్డాను. నువ్వు మావయ్యని తోలుకుని పైకొచ్చేసరికి నేను ఏడుస్తున్నాను. ఏమైందని నువ్వు హడలిపోయావు చూడు, ఏం కాలేదన్నాను. నిజంగానే ఏమీ కాలేదక్కా. నేను కోరుకున్నది అదే, ఏమీ కాకపోవడం.

బావ చొక్కాలో మావయ్య బొత్తాలు పట్టక, ఊపిరి బిగబట్టుకుని తిన్నాడు పాపం. వెళ్లేటప్పుడు పిచ్చుక తల మీద చెయ్యి వేద్దామని చాపి, ఆగి, "కడుక్కున్నానమ్మా" అని నాతో చెప్పి వేశాడు. ఆయన మీద నాకు ఇక కోపమేం లేదని చెప్పు.

బస్సులో పిచ్చుక పడుకుందనుకున్నాను. కళ్లు మూసుకునే, "అమ్మమ్మకి వేళ్లు వణుకుతాయి. అందుకని నేనే నోరు దగ్గరికి పెట్టాను" అంది.

నాకిప్పుడే మళ్లీ వెనక్కి బయల్దేరాలని ఉంది.

చిట్టి


బేకరీ మేడ మీద నుంచి

చిట్టీ,

ఇల్లు బోసిపోయింది. నువ్వు పడుకున్న గదిలో దుప్పటి ఇంకా మడవలేదు. మడవాలనిపించట్లేదు.

నీ ఉత్తరం అందాక, అమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఉంటే పక్కన కూర్చుని ఆ ముక్క చదివి వినిపించాను. పూర్తిగా విని, "ఎవరి పిల్ల?" అంది. నీ పిల్ల పిల్లే అన్నాను. మీరొచ్చినట్టు ఆవిడకి గుర్తు లేదు. ఇది నీకు రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. ఇక నీ దగ్గర ఏదీ దాచకూడదనుకున్నాను, అందుకే రాస్తున్నా.

కాసేపటికి ఎప్పట్లాగే అడిగింది. "చిట్టి కూతురు ఎందుకు రావట్లేదే?"

ఇన్నాళ్లూ ఆ మాటకి బడి ఉందనో, జ్వరమనో అబద్ధం వెతుక్కునేదాన్ని. ఈసారి వెతకలేదు. "వచ్చి వెళ్లిందమ్మా" అన్నాను.

"ఏమన్నా తిందా?"

"తింది. నువ్వే తినిపించావు."

అమ్మ తన చేతి వైపు చూసుకుంది. వేళ్లు తెరిచి, మూసి, ఒళ్లో పెట్టుకుంది. మొహం ఎలా వెలిగిందో నేను రాయలేను.

సాయంత్రం మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాను. పొద్దున అడిగింది, పొద్దునా చెప్పాను. ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే వింటోంది. రోజుకి ఎన్నిసార్లడిగినా నేను చేస్తున్న పని ఆపి, వెళ్లి ఎదురుగా కూర్చుని చెప్తున్నాను.

నీ అక్క